తరుగుదల పాఠం

ఆ రోజుల్లో మాకొక గట్టి నమ్మకం ఉండేది. పుస్తకం అర్థం కాకపోతే తప్పు చదివేవాళ్ళదే గాని రాసినవాళ్ళది కాదని. అచ్చయిన అక్షరం మీద అంత గౌరవం. ఇప్పుడు ఆ గౌరవం కొంత తగ్గింది (ఆఫీసులో నేనూ రిపోర్టులు రాసి పంపుతుంటాను కాబట్టి). కానీ కళ్యాణదుర్గం నుంచి అనంతపురం కాలేజీకి రోజూ బస్సులో పోయి వచ్చే కాలంలో, ఇంజనీరింగ్ ఎకనామిక్స్ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, నా తలకాయలోనే ఏదో లోపముందని నిజంగా అనుకునేదాన్ని.

ఆ పుస్తకంలో ఒక వాక్యం పేజీ పైన బయలుదేరిందంటే కిందికి దిగేదాకా ఎక్కడా ఆగేది కాదు. ఖర్చు అంటే ఏమిటయ్యా అంటే 'ఖర్చు చేయబడినది' అని ఉండేది. లెక్కలో మొదటి వరుసలో ఉన్న అంకె రెండో వరుసకు వచ్చేసరికి మారిపోయేది. ఎందుకు మారిందో చెప్పకుండా మధ్యలో ఒక 'దేర్‌ఫోర్' పడేసి ఊరుకునేవారు. మా సారు ఆ పుస్తకాన్నే తెరిచి చదివేవారు, పుస్తకంలో లేనిచోట కూడా 'దేర్‌ఫోర్' చేర్చేవారు. మేం ఆయన్ని దేర్‌ఫోర్ సారనే పిలుచుకునేవాళ్ళం. మంచివారే పాపం. అర్థం కాలేదంటే కోప్పడేవారు కాదు, అదే వాక్యాన్ని ఇంకొంచెం గట్టిగా చదివేవారు.

చివరి ఏడాది అయ్యేసరికి అన్నీ గట్టెక్కి, నాకు ఈ ఒక్క సబ్జెక్టే మిగిలిపోయింది. అప్పటికే ఒక గాలిమరల కంపెనీ నన్ను ఉద్యోగానికి ఎంపిక చేసింది. సప్లిమెంటరీలో ఇది పాసైతేనే చేర్చుకుంటామని, మళ్ళీ అవకాశం ఉండదని కూడా చెప్పింది. ఆ 'అయితేనే' అన్న ముక్క మా నాయన చెవికెక్కలేదు. ఆయన షేర్ ఆటో నడిపేవాడు. ఎక్కిన ప్రతివాళ్ళకూ దూరంగా గుట్టల మీది రెక్కలు చూపించి, ఇకమీదట వాటిని తిప్పేది మా పాపేనని చెప్పేవాడు (గాలి సంగతి ఎత్తేవాడు కాదు). పరీక్ష రోజు పొద్దున్నే నన్ను బస్టాండులో దింపి, "పాసైతావు కదమ్మా? ఊరందరికీ చెప్పుకున్నా," అన్నాడు. అప్పుడు పట్టుకుంది నాకు భయం. నేను తప్పితే ఇంట్లో ముసుగు తన్ని పడుకోవచ్చు. నాయన మాత్రం అదే ఆటోలో, అదే దారిలో, అవే రెక్కల ముందు రోజూ తిరగాలి.

బస్సులో నా పక్కన జెరాక్స్ కూర్చుంది. నాతోపాటు తప్పిన నా స్నేహితురాలు. చదివింది కామాతో సహా దించేస్తుందని ఆ పేరు వచ్చింది. ఎప్పుడు చదివినా నాలుగో పాఠం దగ్గర ఆగిపోయేది, ఐదో పాఠం గడప తొక్కడం ఆ రోజే మొదటిసారి. బస్సు ఊరు దాటిన కాసేపటికి పుస్తకం మూసి నా చెయ్యి పట్టుకుంది.

"మేయ్, చదవకముందే నోట్లోకి వచ్చేస్తాండాది."

అర్థమవుతోందా అని అడిగాను.

"అర్థం యాడ మే. లైను సగం చదివితే మిగతాది దానంతట అదే వస్తాండాది."

నాకు కడుపు మండిపోయింది, దాచుకోవడం దేనికి. ఇన్నాళ్ళూ నేను కిందామీదా పడితే, ఈ సబ్జెక్టు కరుణించింది దీన్నా అనుకున్నాను. పరీక్షిద్దామని ఐదో పాఠం నా ముందు తెరిచి పెట్టుకున్నాను. ఆమె కళ్ళు మూసుకుని పేజీ పేజీ అప్పజెప్పింది. ఎక్కడా తప్పు పోలేదు. అప్పుడేదో అనుమానమొచ్చి నాలుగో పాఠానికి తిప్పాను. రెండూ ఒకటే. ఐదో పాఠం పైన 'తరుగుదల' అని పేరుంది గాని, కింద ఉన్నదంతా నాలుగో పాఠమే. ఎంత సరుకు అమ్మితే పెట్టుబడి తిరిగొస్తుందనే బ్రేక్ ఈవెన్ గొడవే మళ్ళీ అచ్చయింది. వాడేకొద్దీ యంత్రం విలువ ఎంత పడిపోతుందో చెప్పే అసలు తరుగుదల పాఠం పుస్తకంలో లేనే లేదు.

నేను అంతకుముందే ఆ రెండు పాఠాలూ చదివాను. నాలుగో దాంట్లో ముఖ్యమని కొన్ని వాక్యాల కింద గీతలు గీశాను, ఐదో దాంట్లో వేరే వాక్యాల కింద గీశాను. పైగా ఐదో పాఠం మార్జిన్‌లో 'నాలుగో పాఠం కంటే కష్టం' అని నా చేత్తోనే రాసి ఉంది. దేర్‌ఫోర్ సారు కూడా రెండూ చెప్పారు, రెండోది కాస్త లోతైన విషయమన్నారు. క్లాసంతా తలలూపాం. ఒక్కరికీ తెలియలేదంటే, రాసినాయన గొప్పతనం ఒప్పుకోవాల్సిందే.

ఇప్పుడేం చేద్దామే అని నేను గాభరా పడితే, జెరాక్స్ తొణకలేదు. "పుస్తకంలో ఉండేదే రాస్తా. లేనిది నేను యాడ తెచ్చేది?" అంది.

పరీక్షలో అన్నిటికంటే పెద్ద ప్రశ్న తరుగుదల మీదే వచ్చింది. దాని గురించి నాకు తెలిసిందల్లా మా అమ్మానాయనల జగడం. నాయన కొత్త ఆటో తెచ్చిన ఏడాదే అమ్మజూపితే సగం ధర కూడా పలకలేదు. "తాళంచెవి చేతికొచ్చిన గడియనే సగం దుడ్లు పాయె," అని అమ్మ, "బండి తిరిగితే అరగదా," అని నాయన, నెలల తరబడి వాదించుకున్నారు. ఆ జగడంలోంచి అమ్మనీ నాయననీ తీసేసి, ఆటో ఉన్నచోట 'యంత్రము' అని పెట్టి, మా పుస్తకం భాషలో రాశాను. ఒక్కో మాట మూడేసి సార్లు చెప్పి, ప్రతి వాక్యానికీ ముందొక దేర్‌ఫోర్ తగిలించాను. చదువుకుంటే నాకే అర్థం కాలేదు. అప్పుడు కాస్త ధైర్యం వచ్చింది.

బొటాబొటిగా పాసయ్యాను. నాయనకు ఫోన్ చేస్తే, ఇందులో కొత్తేముంది, ముందే చెప్పినా కదా అన్నాడు గాని, ఆ మాటే మూడుసార్లు అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తరుగుదల అన్న పేరు కింద బ్రేక్ ఈవెన్ మొత్తం దించేసి వచ్చిన జెరాక్స్‌కు నాకంటే ఎక్కువ మార్కులొచ్చాయి. పేపర్లు దిద్దినవాళ్ళ దగ్గరా అదే పుస్తకం ఉండి ఉంటుంది.

మొన్న అనంతపురంలో పాత పుస్తకాల అంగట్లో దాని కొత్త ముద్రణ కనబడితే కొన్నాను. ఐదో పాఠం ఈసారి నిజంగానే ఉంది. ఇంటికొచ్చే బస్సులో ఆత్రంగా తెరిచాను. గాలిమరల తరుగుదల లెక్కలు కట్టడం ఇప్పుడు నా ఉద్యోగం. అయినా రెండుసార్లు చదివాక కూడా ఒక్క ముక్క తలకెక్కలేదు. ఈ పాఠం ఆనాడు మా పుస్తకంలో ఉండి ఉంటే నేను తప్పకుండా తప్పి ఉండేదాన్ని. తన తలకాయే మంచిది కాదనుకుంటూ ఇదే బస్సులో దిగులుగా కూర్చున్న ఆ పిల్ల గుర్తొచ్చి, జాలీ నవ్వూ కలిసి వచ్చాయి. కిటికీలోంచి గుట్టల మీది రెక్కలు కనబడుతున్నాయి. పెన్ను తీసి, మార్జిన్‌లో 'నాలుగో పాఠం కంటే కష్టం' అని మళ్ళీ రాసుకున్నాను.