మా అవ్వ నీళ్ళు తాగని ఏళ్ళు

ఒక వీరగాథ చెప్పబోతున్నాను. ఇందులో ఎత్తైన గోడలున్నాయి, రక్తం ఉంది, ఏళ్ళ తరబడి దాహాన్ని ఓర్చుకున్న ఒక మనిషి ఉంది.

కాస్త పెంచి చెప్పాను. గోడలు మొయినాబాద్ ఫాంహౌసులవి. మనిషి మా అమ్మ, మేము అవ్వ అంటాం. రక్తం మూత్రంలో వచ్చింది.

కనకమామిడిలో మాకు ఎకరం బంతితోట. సాఫ్ట్‌వేర్ కంపెనీలు వచ్చాక చుట్టుపక్కల పొలాలన్నీ అమ్ముడుపోయాయి. గోడలు లేచాయి, వాటి మీద కెమెరాలు వెలిశాయి, పొదలు పోయాయి. పూలు తెంపే ఆడవాళ్ళకు ఆ పొదల చాటే దిక్కు. అందుకని అవ్వ పొద్దున తోటకు వెళ్ళింది మొదలు సాయంత్రందాకా నీళ్ళు ముట్టేది కాదు. నింపుకుపోయిన సీసాను నిండుగానే తెచ్చేది. గచ్చిబౌలిలో, అంతస్తుకు నాలుగు బాత్రూములున్న ఆఫీసులో పనిచేసే నేను, "సీసకు తోట చూపియ్యనీకి తీస్కపోతున్నవా అవ్వా?" అని నవ్వేవాణ్ణి.

ఒక ఆదివారం పొద్దున అవ్వ పక్కటెముకల కింద చెయ్యి అదుముకుని వాకిట్లో గుండ్రంగా తిరుగుతోంది. కూర్చుంటుంది, లేస్తుంది, మళ్ళీ తిరుగుతుంది.

"బతుకమ్మ ఇంకా నెలున్నది గదనే, గిప్పటిసందే తిరుగుతున్నవా?"

"నీ నోరు పాడుగాను! నడుము పట్టిందిరా," అంది. అని గోడ పక్కన వాంతి చేసుకుంది.

నడుము పట్టినవాళ్ళు కదలకుండా పడుకుంటారని, కిడ్నీలో రాయి కదిలినవాళ్ళే ఒకచోట నిలవలేరని అప్పుడు నాకు తెలియదు. నొప్పి అలలుగా వచ్చి పొత్తికడుపులోకి దిగిందట. మూత్రం మంటగా, ఎర్రగా వచ్చిందట. ఆ మాట కొడుకుతో ఎట్లా చెబుతుంది? నడుముకు మందు రాసుకుంది. మూడో రోజుకు నొప్పి ఆగింది. మందు మంచిదని అందరికీ చెప్పాం.

ఏడాది దాటాక చలిజ్వరం వచ్చింది. చేవెళ్ళలో ఒక స్కానింగు, సిటీలో ఇంకో స్కానింగు అయ్యాక డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టింది.

"రాయి మూత్రం దారికి అడ్డం పడ్డది. నొప్పి తగ్గితే రాయి పోయినట్టు కాదు. ఎడమ కిడ్నీ లోపల్లోపలే ఖరాబైంది, తీసెయ్యాలె. గప్పుడే ఎందుకు రాలేదమ్మా?"

"ఇంకోటున్నది గద మేడం," అంది అవ్వ నేలకేసి చూస్తూ.

బయటికి వచ్చాక అరిచాను.

"నీళ్ళెందుకు తాగకపోతివే?"

"తాగితే యాడికి పోవాల్రా?"

ఇన్నేళ్ళలో నేనొక్కసారి కూడా అడగని సంగతి అది.

ఆపరేషన్ అయిన నెలకు తోటలో, బోరు పక్కన బాత్రూం పెట్టించాను. నాలుగు రేకులు, ఒక సీటు, ఒక గుంత. అరపూట పని. తలుపు గడియను లోపలినుంచి కొంచెం పైకెత్తి తొయ్యాలి, లేకపోతే పట్టదని పూలు తెంపే ఆడవాళ్ళకు అవ్వే చెబుతుంది.