పరదేశి పిల్లల గొంగళ్ళు

1952 నవంబరు 17, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలు. రాత్రంతా ముసురు పట్టి అప్పుడే వెలిసింది. ఆకాశం ఇంకా మబ్బుగానే ఉంది, బడి వరండాలోని నాపరాళ్ళు తడిగా ఉన్నాయి. ప్రార్థన ముగిసిన తరువాత హెడ్మాస్టరు గారు ఒక కాగితం చదివారు. కొరియా దేశంలో యుద్ధం వల్ల తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలు మంచులో వణుకుతున్నారనీ, వెచ్చని బట్టలు పంపగలిగిన బడులు పంపాలనీ నగరంలోని ఒక సహాయ సంఘం కోరింది. తాండూరు అప్పటికి గుల్బర్గా జిల్లాలో ఉండేది. ఆ బడిలో నేను లెక్కల ఉపాధ్యాయుణ్ణి, నా వయసు ఇరవై మూడు.

కాగితాన్ని అడిగి తీసుకుని రెండుసార్లు చదివాను. ఎంతమంది పిల్లలు, ఏ ఊరు, సరుకు అందినట్లు ఎవరు తెలియజేస్తారు అన్న మూడు ప్రశ్నలకూ అందులో జవాబు లేదు. అలాంటి కాగితాన్ని నేను నమ్మను. మా ప్రాంతంలో మరెవరూ నమ్మలేదు. నిజాం కాలంలో యుద్ధం పేరు చెప్పి వసూలు చేసినవి ఏ యుద్ధానికీ చేరలేదని ఇంటింటా అనుకునేవారు. ఊళ్ళో భూములున్న ఒక పెద్దమనిషి తన కొడుకును బడికి దిగబెట్టడానికి వచ్చి అందరిముందూ నన్ను అడిగాడు.

"గా కొరియా ఏడున్నది సారూ? కోడంగల్ అవతల్నా?"

పిల్లలు నవ్వారు. నేను పటం తెచ్చి చూపించాను. ఆయన పటాన్ని చూసి, కాగితం మీద ఏ ఊరైనా గీయవచ్చునని అనేసి వెళ్ళిపోయాడు. 

బట్టలు కొని పంపే స్తోమత మా పిల్లల ఇళ్ళలో లేదు. ఉన్నది ఊలు. బషీరాబాద్ వైపునుంచి వచ్చే పిల్లల్లో గొర్లకాపరుల ఇళ్ళవారు చాలామంది. కనుక చిన్న గొంగళ్ళు నేయించి పంపాలని హెడ్మాస్టరు గారు నిర్ణయించి, ఆ పనిని నాకు అప్పగించారు. నేయగలిగిన మనిషి మా బడిలో నాలుగో తరగతి చదివే ఒక పిల్ల నాయనమ్మ. గొర్లకాపరుల వాడనుంచి బడికి వచ్చే ఆడపిల్ల ఆ ఒక్కతే.

మరుసటి ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. అవ్వ మగ్గం గుంటలోనుంచి లేవకుండానే నా మాట విన్నది. వెనకటికి ఫౌజు కోసమని ఊరి అధికారి ఒకడు ఆమె గొంగళ్ళు పట్టుకుపోయాడట. కొన్నాళ్ళకు ఏదో పనిమీద అతని ఇంటికి వెళితే, అరుగు మీద పరిచి ఉన్నది ఆమె నేసిన గొంగడే. అంచులో ఎర్రపోగు వేయడం వాళ్ళింటి వాడుక. దాన్నిబట్టి గుర్తుపట్టింది.

"నా గొంగడి మీద కూసొని నన్నే దూరం జరగుమన్నడు," అన్నది అవ్వ. "గిది గూడ గట్లయినట్టు తెలిస్తె నా మనుమరాలిని బడి మాన్పిస్త. గొర్ల ఎంబడి పంపుత. మాట నీది, సారూ."

గడప దగ్గర నిలబడిన ఆ పిల్ల నావైపు చూసింది. నేను ఒప్పుకున్నాను, కానీ ఒక షరతు పెట్టాను. ప్రతి గొంగడికీ ఆ ఎర్రపోగు ఉండాలన్నాను. అవ్వ నన్ను తేరిపార చూసి, తనకంటే అనుమానం మనిషి ఇంకొకడున్నాడని మనవరాలితో అన్నది.

గొర్లున్న ఇళ్ళ పిల్లలు పిడికిళ్ళతో ఊలు తెచ్చారు. లేనివారు చింతగింజలు తెచ్చారు. గొంగడికి చింతగింజల గంజి పట్టించనిదే వాన ఆగదు, చలీ ఆగదు. కోడంగల్ మాట అన్న పెద్దమనిషి ఇంటినుంచే అందరికంటే ఎక్కువ గింజలు వచ్చాయి. భర్తకు తెలియకుండా ఆయన భార్య పంపిందని కొడుకు చెప్పాడు. జనవరి మొదటివారానికి ఇరవై ఒక్క గొంగళ్ళు సిద్ధమయ్యాయి. రెండు మూటలు కట్టాము. వాటిపై "పరదేశి పిల్లలకు" అని హెడ్మాస్టరు గారు స్వయంగా రాశారు.

సరుకు బొంబాయిలో ఓడ ఎక్కుతుందన్నారు. బొంబాయి మాకు పడమర. మూటలను మాత్రం తూర్పున ఉన్న వికారాబాదుకు పంపమన్నారు. అన్ని బడుల సరుకూ అక్కడ ఒకచోట చేర్చి పంపుతారట. ఓడ ఎక్కవలసిన సరుకు ఓడకు దూరంగా ఎందుకు పోవాలో నాకు మింగుడుపడలేదు. మూడు వారాలు ఓపిక పట్టి, ఒక శనివారం వికారాబాదు రైలెక్కాను.

రైలు దిగుతూనే ప్లాట్‌ఫారం మీద ఒక పిల్లవాడు కనబడ్డాడు. నల్లగొంగడిని టోపీలా తలపైకి మడిచి, మావాళ్ళు పెట్టే కొప్పెర పెట్టుకుని నిలబడ్డాడు. అంచులో ఎర్రపోగు ఉంది. కుళాయి దగ్గర మరో ఇద్దరున్నారు. వెతికితే ఆరుగురు తేలారు. నేను ఎవరినీ ఏమీ అడగకుండా నేరుగా సరుకు దాచిన గోదాముకు వెళ్ళి కావలివాణ్ణి నిలదీశాను. ఎంతకు అమ్మావని అడిగాను. ఆ ముసలివాడికి కోపం రాలేదు, ఆశ్చర్యం కలిగింది.

"మూటమీద పరదేశి పిల్లలకని రాసున్నదని హమాలీ సదివి చెప్పిండు సారూ. ప్లాట్‌ఫారం మీద చలికి వణుక్కుంట పండెటోళ్ళ కన్న పరదేశోళ్ళు ఇంకెవ్వలు?"

మా వైపు ఇల్లూ దిక్కూ లేనివాణ్ణి పరదేశి అనే అంటారు. ఆ సంగతి మూటమీద రాస్తున్నప్పుడు మాలో ఎవరికీ తట్టలేదు. అయినా నేను అతని మాటమీద ఆధారపడలేదు. విప్పిన మూటలో మిగిలినవాటినీ, విప్పని మూటలోని వాటినీ బయటికి తీయించి లెక్కపెట్టాను. పదిహేను. పిల్లల ఒంటిమీద ఆరు. లెక్క సరిపోయింది, కానీ లెక్క సరిపోయినంత మాత్రాన అవ్వకు ఇచ్చిన మాట నిలబడదు.

ఆమెకు కబురు చెప్పడం కాదు, ఆమె కళ్ళతో చూడడమే మేలని తోచింది. మరునాడే అవ్వనూ మనవరాలినీ రైలెక్కించి తీసుకువెళ్ళాను.  ప్లాట్‌ఫారం మీద ఆ పిల్లవాణ్ణి దగ్గరకు పిలిచి, గొంగడి అంచును వేళ్ళతో తడిమి చూసింది. గింత మురికి ఏడ దొరికింది, జర తానం చెయ్యరాదురా అని వాణ్ణి కసిరింది. వాడు గొంగడిని గట్టిగా పట్టుకుని వెనక్కి జరిగాడు. ఆమె చెయ్యి తీసేసింది.

"గిది అమ్ముకున్నది గాదు, కప్పుకున్నది," అన్నది నాతో. "ఒంటిమీది గొంగడి గుంజుకునుడు మా ఇంట్ల లేదు. ఆరు మల్ల నేస్త. ఊలు మీ పోరగాండ్లను తెమ్మను. కని గా దూరపోళ్ళకు ముట్టినయని నాకెట్ల తెలుస్తది?"

అందినట్లు తెలియజేయమని సంఘానికి రాస్తానన్నాను. పిల్లను ఏడాది చివరిదాకా బడిలో ఉంచడానికి మాత్రం ఒప్పించగలిగాను. కొత్తగా నేసిన ఆరింటినీ, మిగిలిన పదిహేనింటినీ నేనే దగ్గరుండి కొత్త మూటలుగా కట్టించి, ఈసారి పైన దేశం పేరు రాయించాను. ఏడాది ముగిసింది. జవాబు రాలేదు. గడువును మరో ఏడాదికి పెంచమని అవ్వను బతిమాలుకున్నాను.

1954 ఫిబ్రవరిలో సంఘం ద్వారా ఒక ఫొటో వచ్చింది. మంచు పేరుకున్న ఒక పెంకుటింటి ముందు పిల్లలు వరుసగా నిలబడి ఉన్నారు. కొందరిపై నల్లని కంబళ్ళున్నాయి. భూతద్దంతో చూశాను. నలుపూ తెలుపూ ఫొటోలో ఎర్రపోగు కనబడదు. నల్లకంబళి ఏ దేశంలోనైనా ఉంటుంది. మమ్మల్ని ఊరుకోబెట్టడానికి ఎక్కడో తీయించిన ఫొటో కాదని చెప్పడానికి నాకు ఒక్క ఆధారమూ దొరకలేదు. అదే మాట చెప్పి ఫొటోను అవ్వ చేతికిచ్చాను. ఆమె దాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది.

"నేసిన చేతికి నేత తెలుస్తది సారూ. ఇవి నావే. ఒక్కడు గూడ కొప్పెర పెట్టలె సూడు," అన్నది. "మెడకు సుట్టుకొని, మంచుల తలకాయలు ఇడిసిపెట్టిన్రు. మన దిక్కయితె నాలుగేండ్ల పోరడు గూడ పెట్టుకుంటడు. గీళ్ళు నిజంగనే దూరపోళ్ళు."

నా భూతద్దానికి అందని ఆధారం అది. నేను తిరిగి పరిశీలించాను. ఒక్క తలమీదా గొంగడి లేదు.

పిల్లను బడి మాన్పించే మాట ఆ తరువాత అవ్వ ఎత్తలేదు. ఆ పిల్ల ఏడో తరగతి పూర్తి చేసింది. కొప్పెర ఎలా పెట్టుకోవాలో ఆమె నాలుగు బొమ్మలు గీస్తే సంఘానికి పంపాము. దానికి జవాబు రాలేదు.

నేసిన గొంగళ్ళు ఇరవై ఏడు. వికారాబాదులో ఉండిపోయినవి ఆరు. ఓడకని పంపినవి ఇరవై ఒకటి. చేరాయని ఫొటోలో నేను లెక్కించగలిగినవి తొమ్మిది.