మా వీధి మగ్గాలు ఆగిన అరగంట

చెవులున్న ప్రతివారికీ వినడం వచ్చునని గట్టిగా నమ్మే వయసొకటి ఉంటుంది. నాకది ఇరవై మూడో ఏట, హైదరాబాదులో ఒక సౌండ్ స్టూడియోలో గడిచింది. ఆ రోజుల్లో నా మెడలో ఎప్పుడూ హెడ్‌ఫోన్లు వేలాడుతుండేవి (అన్నం తినేటప్పుడు కూడా, వాటి మీద సాంబారు మరకలు చివరిదాకా పోలేదు). సినిమాలో కనిపించేదంతా కెమెరా వాళ్ల సొత్తు, వినిపించేదంతా నా సొత్తు అనుకుంటూ తిరిగేదాన్ని. నిజానికి నా ఉద్యోగం కేబుళ్లు చుట్టడం, బ్యాటరీలు మార్చడం, టీ ఎవరికి చక్కెర లేకుండా కావాలో గుర్తుపెట్టుకోవడం. మా పెద్దసారును వెనకాల అందరం నిశ్శబ్దం సారు అనేవాళ్లం. నిశ్శబ్దంగా ఉండమని ఆయన అరిచినంత గట్టిగా ఆ స్టూడియోలో ఇంకెవరూ అరిచేవారు కాదు. ఇంటర్వ్యూలో ఆయన నన్నడిగింది ఒకటే ప్రశ్న, నీకు బాగా తెలిసిన శబ్దం ఏది అని. మాది ధర్మవరం సార్, మా నాయన పట్టుచీరలు నేస్తాడు, మగ్గం చప్పుడు కళ్లు మూసుకుని గుర్తుపడతాను అన్నాను. ఆయన ఆ మాట కాగితం మీద రాసుకున్నాడు. అదే నా కొంప ముంచింది.

ఎనిమిది నెలలు తిరిగేసరికి ఒక సినిమా వచ్చింది. అందులో హీరోయిన్ తండ్రి కూతురి పెళ్లిచీరను తన చేత్తోనే నేస్తాడు. ఆ సీన్లో మాటల్లేవు, మగ్గం ఒక్కటే వినిపించాలి. షూటింగులో పట్టిన శబ్దం నిండా జనరేటర్ మోత ఉండటంతో నిశ్శబ్దం సారు నన్ను పిలిచి, "ఈ మగ్గం నీది. బాగా వస్తే టైటిల్స్‌లో నీ పేరుంటుంది. రాకపోతే నీకు కేబుళ్లు ఎలాగూ ఉన్నాయి," అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో. తెల్లారగానే ఊరికి బయల్దేరి నాయన మగ్గం పక్కన మైకు పెట్టుకోవాల్సింది. కానీ కొబ్బరి చిప్పలతో గుర్రాన్ని పరిగెత్తించే, పాలిథిన్ కవరు నలిపి నిప్పు రాజేసే లోకం మాది. అంత దూరం పోవడమెందుకని స్టూడియోలోనే మగ్గం తయారుచేశాను. క్యారమ్ బోర్డు మీద స్ట్రైకర్ని జారిస్తే అది నాడె. ఊగే కుర్చీ కిర్రుమంటే అది మగ్గం పైనుండి చీరలో పూలు దింపే జాకార్డు. చపాతీ పీట మీద కర్రతో కొడితే అది దారాన్ని బిగించే దెబ్బ. (పీట వంటమనిషిది. చెప్పకుండా తెచ్చినందుకు ఆమె నాతో వారం రోజులు మాట్లాడలేదు.) అరగంటలో పని ముగించి, విని, నన్ను నేనే మెచ్చుకుని, గొప్ప కోసం నాయనకు వాట్సాప్‌లో పంపించాను.

ఐదు నిమిషాల్లో ఫోను వచ్చింది. చేతులు ఖాళీ లేక స్పీకర్లో పెట్టాను.

"ఎవురు పాపా ఆ నేసేటోడు?" అన్నాడు నాయన.

"ఎందుకు నాయనా, బాగలేదా?"

"వాని నాడె పోతాండాది గానీ తిరిగి రావడం ల్యా. ఒగపక్క నుంచే ఇసురుతాండాడు. పక్కన గంపెడు నాడెలు పెట్టుకున్నాడా ఏమి?"

చీరకు అడ్డంగా పడే పేక దారాన్ని కడుపులో పెట్టుకుని ఇటునుంచి అటు, అటునుంచి ఇటు పరిగెత్తే చెక్కముక్క నాడె. ఏ మగ్గానికైనా రెండు పక్కలూ ఒక్కలా ఉండవు కాబట్టి పోయేటప్పటి చప్పుడు వేరు, వచ్చేటప్పటి చప్పుడు వేరు. నేనేమో ఒక్క విసురునే నలభైసార్లు అతికించి పెట్టాను. మగ్గం కింద పాకి, మగ్గం పక్కన అన్నం తిని, మగ్గం ఎదుట ఎక్కాలు చదివిన దాన్ని, ఆ సంగతి ఎన్నడూ గమనించలేదు. ఇంతలో వెనక నుంచి టీ గ్లాసు బల్లమీద పెట్టిన చప్పుడైంది. నిశ్శబ్దం సారు అంతా విన్నాడు. ఆయన అరవలేదు, అంటే కోపం చాలా ఎక్కువగా ఉందన్న మాట. "ఎల్లుండి సాయంత్రం మిక్సింగ్. ఊరికి పో. ఒక్క మగ్గం, ఒక్క మనిషి. అందులో ఇంకే శబ్దమూ ఉండకూడదు," అని మెల్లగా చెప్పి వెళ్లిపోయాడు.

నేను ఇల్లు చేరేసరికి నాయన ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, నుదుట విభూతి పెట్టుకుని మగ్గం కింద కాళ్లాడించే గుంతలో దిగి కూర్చున్నాడు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆయన బనీను మీద తప్ప నేయగా చూడలేదు. చప్పుడుకు చొక్కా కనిపించదు నాయనా అంటే, "మర్యాద ఉండల్ల కదా పాపా," అన్నాడు. అది ఆషాఢం. మా వైపు ఆ నెలలో వాన రాదు గానీ గాలి మాత్రం కిటికీ తలుపులు ఊడబెరుకుతుంది. (వాన కోసం జిల్లా అంతా మొక్కుతుంటే, మగ్గం గుంతలోకి నీళ్లొస్తాయని లోపల్లోపల భయపడేది మా వీధి వాళ్లే.) అందుకని మైకుకు బొచ్చు తొడుగు వేశాను. అమ్మ దాన్ని రెండు వేళ్లతో తాకి, "ఈ కుందేలును యాడ పట్టుకొస్తివే?" అంది. ఫ్యాన్ ఆపాం, కుక్కర్ దించాం, కోడిని పెరట్లో గంప కింద మూశాం. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే నాయన మగ్గంతో పాటు ఎడమపక్క నాలుగు, కుడిపక్క ఐదు, ఎదురుగా ఇంకెన్నో మగ్గాలు వినిపించాయి. ఒక్క మగ్గం కావాలి, ఎట్లామ్మా అని దిగాలుగా అన్నాను. అమ్మ కొంగు బిగించి వీధిలోకి పోయి, "మా పాప సినిమాకు సప్పుడు పట్టుకుంటాంది. ఒగ అరగంట ఆపండప్పా," అని ఇంటింటికీ చెప్పొచ్చింది. కాదన్నవాళ్లు లేరు. ఒక్కొక్క మగ్గమే ఆగిపోయి, చివరికి వీధిలో గాలి తప్ప ఏమీ మిగల్లేదు.

"కానీ నాయనా," అన్నాను. నాయన కాలు తొక్కాడు, నాడె విసిరాడు, దారం తెగింది. ముడివేసి మళ్లీ మొదలుపెట్టాడు. నాలుగు విసుర్లకు కాలు తప్పింది. ముప్పై ఆరేళ్లుగా నేస్తున్న మనిషి కొత్తగా నేర్చుకునేవాడిలా తడబడ్డాడు. "పక్కింటోళ్లు నేస్తాంటే నా కాలు దానంతటదే పడుతుంది పాపా. ఇప్పుడు యాడ ఎయ్యల్లనో తెలియడం ల్యా," అన్నాడు, తప్పు చేసినవాడిలా చొక్కా చేతులు మడుచుకుంటూ. సాయంత్రం బస్సు, రేపు మిక్సింగ్, నా చేతిలో తెగిన దారాల చప్పుడు. ఏడుపొక్కటే తక్కువ.

ఆ ఏడుపు కూడా కాసేపట్లో వచ్చింది, కాకపోతే నాది కాదు. మా దగ్గర పనివేళల్లో వీధి మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగేది ఎవరైనా పోయినప్పుడే. నాకది గుర్తు రాలేదు, అమ్మకూ రాలేదు. ముందుగా పక్క వీధి పెద్దాయన ఒకాయన, వాకిట్లో కాపలాగా నిలబడ్డ అమ్మను చూసి, భుజాన తువ్వాలు సర్దుకుంటూ వచ్చి మా గడపలో నిలబడ్డాడు. మాట్లాడొద్దని అమ్మ నోటిమీద వేలు పెట్టి సైగ చేసింది. ఆయన తల వంచుకుని అరుగు మీద కూర్చున్నాడు. తర్వాత ఇద్దరొచ్చారు, తర్వాత నలుగురు. అమ్మ అందరికీ అదే సైగ చేసింది, అందరూ అలాగే కూర్చున్నారు. నేను హెడ్‌ఫోన్లలో మునిగి ఇదేదీ చూడలేదు. చివరికి రైలు గేటు అవతల ఉండే మా మేనత్తకు ఎవరో కొళాయి దగ్గర చెప్పారట, మీ తమ్ముని వీధిలో మగ్గాలు నిలిచిపోయినాయని. వీధి మలుపులోనే మొదలుపెట్టింది. "తమ్ముడా, నాకన్నా ముందు ఎట్ల పోతివిరా," అంటూ ఆమె గడప దాటుతుంటే నా చెవుల్లో సూదులు గుచ్చినట్లయింది. నాయన గుంతలోంచి తల పైకెత్తి, ఏమాత్రం తొణక్కుండా, "అక్కా, నేను ఈడనే ఉండా. రికార్డింగు జరుగుతాంది, రొంత మెల్లగా ఏడ్చు," అన్నాడు.

అత్త ముందు ఆయన వీపు మీద రెండు చరిచింది, తర్వాత కళ్లు తుడుచుకుంది, తర్వాత నా వైపు తిరిగి, "నీ సదువు మన్ను బడ, బతికున్నోన్ని సంపితివి కదే," అంది. అరుగు మీది జనమంతా నవ్వారు. వచ్చినవాళ్లకూ, ఏడుపు విని పరిగెత్తొచ్చిన పొరుగువాళ్లకూ అమ్మ బొరుగులు నానబెట్టి ఉగ్గాని కలిపి పెట్టింది. తిని లేచి, "ఇంగ సాలు పాపా, మాకు పనుండాది," అని పొరుగువాళ్లు ఎవరిళ్లకు వాళ్లు పోయారు. అత్త మాత్రం తమ్ముడి పక్కనే చతికిలబడి, "నేయిరా, నేను సూడల్ల," అని నోటినిండా వక్కాకు వేసుకుంది. అటు ఒక మగ్గం మొదలైంది, ఇటు ఇంకొకటి. నాయన చొక్కా విప్పి గోడకు తగిలించాడు. మైకు సంగతి మరిచి, అక్కను చూసి చిన్నగా నవ్వుకుంటూ కాలు తొక్కాడు. నాడె పోయింది, తిరిగి వచ్చింది. ఎడమ నుంచి కుడికి ఒక తీరు, కుడి నుంచి ఎడమకు ఇంకో తీరు, మధ్యలో దెబ్బ, దాని వెనకాల వీధి వీధంతా. పదకొండు నిమిషాలు పట్టుకున్నాను. ఎప్పుడు ఆపాలో తోచక ఆపలేదంతే.

మర్నాడు నిశ్శబ్దం సారు రెండు నిమిషాలు విని, "నేను అడిగింది ఒక్క మగ్గం. ఇందులో ఊరంతా ఉంది," అన్నాడు. నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు గానీ, "ఒక్క మగ్గం ఒంటరిగా నేయలేదు సార్," అన్నాను. ఆయనకు ఎదురు చెప్పడం నాకదే మొదలు. ఆయన బొమ్మతో కలిపి మూడుసార్లు వేసి చూశాడు. నాలుగోసారి కళ్లు మూసుకున్నాడు. తెరిచాక, "పేరులో ఇనిషియల్ ముందు వేయాలా, వెనకా?" అని అడిగాడు. అంతే, ఇంకే మెచ్చుకోలూ లేదు. ఆపైన సంగీత దర్శకుడు ఆ సీన్ మీద వయొలిన్లు పరిచాడు కాబట్టి, నా పదకొండు నిమిషాల్లో సినిమాలో మిగిలింది పద్నాలుగు సెకన్లు.

సినిమా ధర్మవరానికి వచ్చిన రోజు మా వీధి రెండు వరసలు ఆక్రమించింది. ఆ పద్నాలుగు సెకన్లలో "అది మాది" అని ఎడమపక్కవాళ్లు, "కాదు, మాది" అని కుడిపక్కవాళ్లు వాదులాడుకున్నారు. ఆట అయ్యాక బయట టీ అంగడి దగ్గర, ఎట్లుంది నాయనా అని అడిగాను. ఆయన టీ సగం తాగి, గ్లాసులోకి చూస్తూ, "మన మగ్గం ఇట్ల ఇనపడుతుందా పాపా?" అన్నాడు. "అది పలికేటప్పుడల్లా నేను గుంతలోనే ఉంటి. బయట కూర్చోని ఇనింది ఈ పొద్దే."

దానికి నేను ఏమన్నానో తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, వెనకనే కొంచెం సిగ్గూ వేస్తుంది. వయొలిన్లు ఎక్కువైనాయి నాయనా, మగ్గం ఇంకా పైకి వినిపించాల్సింది, మిక్సింగులో నా మాట వినలేదు అని పావుగంటసేపు చెప్పుకుపోయాను. ఆయన నా మాటలన్నిటికీ ఊఁ కొడుతూ, చల్లారిపోయిన టీ మెల్లగా తాగుతూ, పూర్తిగా విన్నాడు.