మంచులో పలకకూడని ఈల

మా లోయకు వచ్చే టూరిస్టులకు ఎలాడియో మొదట చెప్పేది పిట్టల గురించి కాదు. "మంచు దిగితే ఉన్నచోటే కూర్చోండి. దారి తప్పితే రాయి తీసుకుని చెట్టు మీద మూడుసార్లు కొట్టండి. ఈల మాత్రం వేయొద్దు. ఎవరైనా వేసినా పలకొద్దు," అంటాడు. మిగతా గైడ్లు మనిషికో ప్లాస్టిక్ ఈల మెడలో వేసి పంపుతారు. ఈయనది ఎడ్డెమంటే తెడ్డెం. వాళ్ళు చాటుగా నవ్వుకుంటారు, నవ్వుకోనీ. టూరిస్టులు వెతుక్కుంటూ వచ్చే కెత్సాల్ అనే పిట్టను రప్పించాలంటే మళ్ళీ ఈయన గుమ్మంలోకే రావాలి.

అడవి అవకాడో పండే రోజుల్లో ఆ చెట్టు కింద నిలబడి ఎలాడియో రెండు స్వరాల ఈల వేశాడంటే, మూరెడుకు పైనే ఉన్న పచ్చటి తోక వేలాడేసుకుని మగపిట్ట ఎదుటి కొమ్మ మీద వాలాల్సిందే. అబ్బో, అప్పుడు చూడాలి టూరిస్టుల ముఖాలు! కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. ఎలాడియో మాత్రం పిట్టను చూడడు. నేల చూపులు చూస్తాడు.

ఆ ఈల అసలు ఆయనది కాదు. తమ్ముడు రుఫీనోది.

నలభై ఏళ్ళ కింద ఈ అన్నదమ్ములు అదే ఈలతో పిట్టల్ని పిలిచి చంపేవారు. పొట్టలో దూది కుక్కి పట్నం వాళ్ళ గోడలకు అమ్మేవారు. తప్పని తెలుసు, ఆకలీ తెలుసు. రుఫీనో ఈల వేస్తే ఎలాడియో ఉండేలుతో కొట్టేవాడు. రుఫీనోకు ముందుపన్ను ఒకటి లేదు, అందుకని ఈల చివర సన్నగా గాలి జారేది. పిట్టలకు అదే నచ్చిందో ఏమో, వెర్రెత్తినట్టు వచ్చేవి.

ఒక అక్టోబరు పొద్దున మంచు ఒక్కసారిగా దిగి ఇద్దర్నీ విడదీసింది. కాసేపటికి కొండచరియ వైపు నుంచి ఈల వినపడింది, చివర గాలి జారుతూ. ఎలాడియో పలకలేదు. మా ఊళ్ళో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు: అడవి జీవాలకు కొండదొర అనే యజమాని ఒకడున్నాడు. తన జీవాలను చంపినవాణ్ణి మంచులో పట్టుకుంటాడు. అయినవాళ్ళ గొంతుతోనే, అయినవాళ్ళ ఈలతోనే పిలుస్తాడు. పలికినవాడు తిరిగి రాడు. ఎలాడియో ఒక చెట్టును కావలించుకుని కూర్చున్నాడు. ఈల సందె దాకా వస్తూనే ఉంది. అది ఆగిపోయాక పాక్కుంటూ ఇల్లు చేరాడు.

మర్నాడు మంచు విడిచాక తమ్ముణ్ణి ముందు చూసింది ఆయనే. చరియ కింద కాలు విరిగి, చలికి బిగుసుకుపోయి ఉన్నాడు. పెదాలు ఈలకు ముడిచినట్టే ఉన్నాయి. వెనక జనం వచ్చేలోగా ఎలాడియో ఆ పెదాలను వేలితో సరిచేశాడు.

"పడగానే పోయాడమ్మా, బాధ పడలేదు," అని రుఫీనో భార్య హెర్మీనియాతో చెప్పాడు. అప్పటికి ఆ పిల్లకు ఇరవై ఏళ్ళు.

తర్వాత చట్టాలొచ్చాయి, టూరిస్టులొచ్చారు, ఉండేలు పట్టిన చేతికే బైనాక్యులర్లొచ్చాయి. కానీ మంచు దిగిన ప్రతిసారీ ఎలాడియోకు ఆ ఈల వినపడుతూనే ఉంది. ఎవరికీ చెప్పలేదు. ఉన్నిటోపీ చెవుల మీదికి లాక్కునేవాడు.

మొన్న అక్టోబరులో ముగ్గురొచ్చారు. ఒక మొగుడూ పెళ్ళాం, ఉరుగ్వే నుంచి గ్రాసియెలా అనే రిటైరైన టీచరమ్మ. తమకు బస ఇచ్చిన హెర్మీనియా వంటింట్లో మొక్కజొన్న రొట్టెలు తింటూ టీచరమ్మ ఎలాడియో ఈలను నేర్చుకోవడం మొదలుపెట్టింది. ముందు తుంపర్లే వచ్చాయి.

"నా బల్లంతా తడిపేశావు తల్లీ!" అని హెర్మీనియా నవ్వి, ఇటు తిరిగింది. "బావగారూ, పిట్టలతో అంత ముచ్చట్లాడతారే, మనుషులతో మాట్లాడితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?"

"నీ వాగుడుకు నా మౌనం సరిపోయింది, పోనీలే."

"నలభై ఏళ్ళుగా ఇదే మాట. మంచు దిగేలోగా వెళ్ళి రండి."

మంచు వచ్చింది. అవకాడో చెట్టు దగ్గరికి చేరగానే, చేయి చాపితే వేళ్ళు కనపడనంతగా కమ్మేసింది. ఎలాడియో వెనక్కి తిరిగి లెక్కపెట్టాడు. మొగుడూ పెళ్ళాం ఉన్నారు. టీచరమ్మ లేదు. ఫొటో తీసుకుంటానని ఆగిందట. పడిపోయిన మాను మీద వాళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి, "కదిలారో మీ కర్మ," అని చెప్పి చెవి రిక్కించాడు. చెట్టు మీద రాయి చప్పుడు లేదు. పిలిచాడు, జవాబు లేదు.

అప్పుడు ఈల వినపడింది. కొండచరియ వైపు నుంచే.

చివర గాలి జారినట్టుంది, జారనట్టుంది.  ఎలాడియో చేయి దానంతటదే టోపీ మీదికి వెళ్ళింది. ఇది ఎప్పుడూ వినేదేనా, లేక టీచరమ్మ వేసిందా? ఎప్పుడూ వినేదే అనుకుంటే బతికిపోవచ్చు. అప్పుడూ మనిషి ఈల కాదనుకునే బతికాడు. ఛీ, ఏం బతుకది!

టోపీ తీసి నేలకు కొట్టాడు. "కొండదొరా, నువ్వే అయితే నన్ను తీసుకుపో," అని పైకే అన్నాడు. పెదాలు ఎండిపోయి మొదట గాలే వచ్చింది. మళ్ళీ ఊదాడు. మంచులోంచి జవాబొచ్చింది. పలుకుతూ, ఆగుతూ, వేర్లు పట్టుకుని దిగాడు. చరియ అంచుకు నాలుగడుగుల దూరంలో టీచరమ్మ మోకాలు పట్టుకుని కూర్చుని ఉంది.

"రాయి దొరకలేదయ్యా," అంది. "అరిచి అరిచి గొంతు పోయింది. మీరు వద్దన్నారు కానీ, ఈల వేశాను. వస్తారో రారో అనుకున్నాను."

 ఎలాడియో ఆమె చేతులు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మధ్యాహ్నానికి అందరూ వంటింట్లో ఉన్నారు. వేడి బెల్లం నీళ్ళు తాగి టూరిస్టులు గదులకు వెళ్ళారు. హెర్మీనియా పొయ్యి ఎగదోస్తోంది. మంచు ఇంకా వదల్లేదు.

"అమ్మాయ్," అన్నాడు ఎలాడియో. "రుఫీనో పడగానే పోలేదు. సందె దాకా ఈల వేశాడు. నాకు వినపడింది. నేను పలకలేదు."

ఆమె చేతిలో కట్టె అలాగే ఆగిపోయింది. తిడుతుందనుకున్నాడు. కొట్టినా బాగుండుననుకున్నాడు.

"నాకూ వినపడింది బావగారూ," అంది హెర్మీనియా.

"ఏమిటీ?"

"ఇదే పొయ్యి దగ్గరున్నాను. గుమ్మందాకా పరిగెత్తాను. మీ అమ్మ తలుపుకు గడియ పెట్టి అడ్డం నిలబడింది. పలికావో, కొండదొర నిన్నూ తీసుకుపోతాడంది. సందు చూసి పెరటి వైపు నుంచి పోయుండొచ్చు. పోలేదు. భయమేసింది." కట్టెను పొయ్యిలో పెట్టింది. "ఊరంతా విన్నది. అన్ని తలుపులూ వేసే ఉన్నాయి."

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"మీకు వినపడలేదనుకున్నాను. వినపడితే తమ్ముడి కోసం వెళ్ళకుండా ఉంటారా అనుకున్నాను. మీరొక్కరే ఏ పాపమూ ఎరగరని, మీ మనసెందుకు విరవాలని ఊరుకున్నాను."

ఎలాడియో తల వంచుకున్నాడు.  హెర్మీనియా లేచి వెళ్ళి గడియ తీసి తలుపు బార్లా తెరిచింది. మంచు వంటింట్లోకి వచ్చింది.

"పలకండి బావగారూ. నాకు ఈల చేతకాదు."

ఆయన గుమ్మంలో నిలబడి ఈల వేశాడు. ఇద్దరూ చెవులొగ్గి విన్నారు. మళ్ళీ వేశాడు. నలభై ఏళ్ళుగా మంచు దిగినప్పుడల్లా వినపడిన ఈల ఆ రోజు వినపడలేదు. పొద్దుగూకేదాకా తలుపు తీసే ఉంచారు, కొండ మీద నుంచి ఏ జవాబూ రాలేదు.