సముద్రంలో పడ్డ రాకెట్‌ను పైకి పంపినవాడు

బస్సు టైరు పేలిన చోట చెట్టూ లేదు, కొట్టూ లేదు. ప్రయాణికులంతా దిగి, బస్సు నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ నిలబడ్డారు. దారిలో ఆగిపోయిన బస్సు మనుషుల్ని తొందరగా చుట్టాలను చేస్తుంది. గమ్యం చేరిన బస్సు అంతకన్నా తొందరగా పరాయివాళ్ళను చేస్తుంది. చేతిసంచి గుండెకు అదుముకున్న ముసలాయన ఒకాయన డ్రైవర్ దగ్గరికి వెళ్ళి, "ఇంకెంతసేపు పడుతుంది నాయనా?" అని అడిగాడు. గొడుగులు బాగుచేసే మనిషి ఒకడు చటుక్కున ఇటు తిరిగాడు.

"ఆ గొంతు... మీరు రేడియో రాకెట్ మావయ్య కదూ?"

ముసలాయన ముఖం విప్పారింది. ముఖం చూసి గుర్తుపట్టేవాళ్ళు ఆయనకు ఎప్పుడూ లేరు. గొంతు విని గుర్తుపట్టేవాళ్ళు కూడా ఈమధ్య కరువయ్యారు.

"అవును బాబూ. ఇవాళ ప్రయోగం ఉందిగా. స్టేషన్ వాళ్ళు రమ్మన్నారు."

"మళ్ళీ మీరే చెప్తారా!"

"చెప్పాలనే పోతున్నా."

పిలిచినవాళ్ళు ఆ మాట అనలేదు. "మీరు లేకపోతే ఎలా గురువుగారూ, రండి" అన్నారంతే. మిగతా అర్థమంతా ఆయనే కుట్టుకున్నాడు. గొంతులో కణితి లేచింది. వచ్చే వారం కోస్తారట. కోశాక మాట మిగులుతుందో లేదో చెప్పలేనన్నాడు డాక్టర్. ఈలోగా ఒక్క ప్రయోగం, నిప్పు రాజుకున్న దగ్గర్నుంచి కక్ష్య చేరేదాకా, నోరారా చెప్పాలి. ఆయనకు ఇక మిగిలిన ఆశ అదొక్కటే.

పొద్దున బయల్దేరుతుంటే భార్య అననే అంది. "రేడియోకి ఇస్త్రీ చొక్కా ఎందుకండీ? ఎవరు చూడొచ్చారని?"

"గొంతుకి తెలిసిపోతుందే."

"ఆఁ, మీ గొంతుకి అన్నీ తెలుసు, డాక్టర్ మాట ఒక్కటి తప్ప!"

ఆయన పుట్టుకతోనే ఆకాశం వైపు చూసినవాడేం కాదు. పత్రికలో కూరగాయల ధరలు రాసేవాడు. అంతరిక్షం పేజీ ఎవరికిచ్చినా తప్పించుకుంటుంటే ఎడిటర్‌కు విసుగొచ్చి, "ధరలు ఆకాశాన్నంటాయని రోజూ రాస్తావుగా, ఆ ఆకాశం సంగతీ నువ్వే చూడు" అన్నాడు. వేళాకోళంగా అంటగట్టిన పనే మెడకు చుట్టుకుని ప్రేమగా మారడం లోకంలో కొత్త కాదు. సగం కాపురాలు అలాంటివే. పత్రిక నుంచి రేడియోకు మారాక, "ఉపగ్రహం ఎగరదర్రా, పడిపోతూనే ఉంటుంది. పడేలోపే పక్కకి పారిపోతుంది కాబట్టి నేల అందదు" అని ఆయన చెప్తే, లెక్కలంటే జ్వరమొచ్చే పిల్లలు కూడా చెవులప్పగించేవారు. మావయ్య అన్న పేరు పెట్టింది వాళ్ళే.

వినేవాళ్ళకు తెలియనిదేమిటంటే, ఆయన ఒక్క రాకెట్ కూడా కంటితో చూడలేదు. కిటికీ లేని గదిలో కూర్చునేవాడు. ఎదురుగా ఏ ఘట్టం తర్వాత ఏ ఘట్టమో రాసిన కాగితం. చెవిలో నియంత్రణ గది నుంచి వచ్చే ఫోను. అవతల ఉన్న శాస్త్రవేత్త ఒక్కో ఘట్టం దాటగానే "ఊఁ" అనేవాడు. కథకు ఊకొట్టినట్టే. ఆ ఊఁ ఒక్కోసారి ఆలస్యమయ్యేది. రేడియోలో మౌనమంటే పీనుగు లేచిన ఇల్లు. అందుకని ఈయన ఆగకుండా కాగితం ప్రకారం ముందుకు పోయేవాడు, ఊఁ వెనకనుంచి వచ్చి కలుసుకునేది. ఏళ్ళ తరబడి అలా కలుసుకుంటూనే ఉంది.

ఒకరోజు కలుసుకోలేదు.

"ఆ రోజు నేను మా నాన్నతో బీచిలో ఉన్నాను సార్," అన్నాడు గొడుగుల మనిషి, నవ్వాలో వద్దో తేల్చుకోలేక. "కళ్ళముందే రాకెట్ తలకిందులై సముద్రంలో పడింది. చెవి దగ్గర ట్రాన్సిస్టర్లో మీరేమో ఇంకా పైకి పంపుతూనే ఉన్నారు. రెండో దశ విడిపోయింది, మూడోది అంటుకుంది అని. కళ్ళని నమ్మాలా, మిమ్మల్ని నమ్మాలా? మా నాన్న మిమ్మల్నే నమ్మాడు. పోయేదాకా అది పడలేదనే వాదించాడు."

ముసలాయన చేతిసంచి ఇంకాస్త అదుముకున్నాడు. ఫోను పాడైందనుకున్నాడు ఆ రోజు. అది పాడవలేదు. అవతలివాళ్ళకు నోరు పెగల్లేదు, అంతే. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఆయన పుట్టినరోజు శుభాకాంక్షలూ, తప్పిపోయినవాళ్ళ ప్రకటనలూ చదివాడు. వీధిలో పిల్లలు "మావయ్యా, ఇంకా ఎక్కుతోందా?" అని కేకలేసేవారు. ఇంట్లో బావమరిది విస్తరి ముందు కూర్చున్నప్పుడల్లా, "బావా, నీ రాకెట్ నుంచి ఉత్తరమేమైనా వచ్చిందా?" అనేవాడు. తప్పు చేసినవాడికి శిక్ష ఒకసారి పడుతుంది. నవ్వులపాలైనవాడికి రోజూ పడుతుంది.

టైరు మార్చి బస్సు కదిలాక, "ఇవాళ వింటాను సార్," అని గొడుగుల మనిషి కూడలిలో దిగిపోయాడు.

స్టేషన్లో డైరెక్టర్ ఎదురొచ్చి కాళ్ళకు దండం పెట్టినంత పని చేశాడు. ఒకప్పుడు ఈయన దగ్గరే పని నేర్చుకున్నవాడు. స్టూడియోలో ఇప్పుడు గోడంత తెర ఉంది. నిలబెట్టిన రాకెట్ అందులో పొగలు కక్కుతోంది. మైకు ముందున్న అమ్మాయి, "తాతయ్యా, మా ఆఫీసంతా మీ ఫ్యాన్సే!" అంది.

"ప్రయోగం నేను చెప్పనా అమ్మా?"

అమ్మాయి డైరెక్టర్ వైపు చూసింది. డైరెక్టర్ ఆయన చెయ్యి నిమురుతూ, "చెప్పడానికేముంది గురువుగారూ, అందరూ ఫోన్లలో చూసేస్తున్నారు. ముందు మీ పాత టేపు వేస్తాం, సరదాగా నాలుగు మాటలనండి. తర్వాత మీకో నిమిషం ఇస్తా. పూచీ నాది," అన్నాడు.

పాత టేపంటే ఏదో అడగక్కర్లేకపోయింది. అయినా ఆ నిమిషం కోసం కూర్చున్నాడు. టేపు వేశారు. అద్దం అవతల అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఆయన మాత్రం వింటున్నాడు. తడబాటు లేదు, తొందర లేదు. మాటలు ఒకదాని భుజమెక్కి ఒకటి పైకి పోతున్నాయి. తన జీవితంలో అంత బాగా ఇంకెప్పుడూ చెప్పలేదని ఆయనకు అప్పుడే తెలిసింది.

"ఇప్పుడు వింటే ఏమనిపిస్తోంది తాతయ్యా?"

"బాగా చెప్పాను," అన్నాడు.

అమ్మాయి పగలబడి నవ్వింది. అది జోకనుకుంది.

ఒక ప్రకటన, ఇంకో ప్రకటన. డైరెక్టర్ అద్దంలోంచి, ఉండండి, ఇస్తా అన్నట్టు వేలు చూపించాడు. తెరమీద నిప్పు రాజుకుంది. అంతలో శ్రోతల సందేశాలు కుప్పలుగా వచ్చి పడ్డాయి. అన్నీ ఒకే మాట: ఆ టేపు మళ్ళీ వెయ్యండి.

మళ్ళీ వేశారు.

తెరమీద అసలు రాకెట్ చప్పుడు లేకుండా లేచింది. గాలిలోకి మాత్రం మునిగిపోయినదాని కథే వెళ్తోంది. ఆయన పెదవులు కదిలాయి. మొదటి దశ విడిపోవడం కళ్ళారా చూసి చెప్పాడు, రెండోది అంటుకోవడం చెప్పాడు. గొంతు బొంగురుపోయింది. మాట బయటికి వెళ్తోందని చెప్పే దీపం ఎదుటి మైకుకు వెలగడం లేదు. కక్ష్య చేరేదాకా చెప్పలేదు, మధ్యలోనే ఆపేశాడు.

సంచి తీసుకుని లేచాడు. అమ్మాయి సందేశాలు చదువుతూ నవ్వుతోంది. డైరెక్టర్ ఎవరితోనో ఫోన్లో ఉన్నాడు. ముసలాయన బరువైన తలుపు భుజంతో తోసుకుని, మెట్లు దిగి, వెళ్ళొస్తానని ఎవరికీ చెప్పకుండా వీధిలోకి నడిచి వెళ్ళిపోయాడు.