టిల్లీని కట్టిన చేయి

2013 చివర్లో నన్ను దక్షిణ ఆక్లాండ్‌కు పప్పీ సూపర్‌వైజర్‌గా వేశారు. అంధులకు దారి చూపే కుక్కలను తయారుచేసే సంస్థలో అది మధ్యస్థాయి ఉద్యోగం. కింద కుక్కల గదులు చూసుకునే కెన్నెల్ సహాయకులు ఉంటారు. పైన శిక్షకులు, వాళ్ల పైన కుక్కకూ మనిషికీ జోడీ కుదిర్చే ఇన్‌స్ట్రక్టర్లు. ఎనిమిది వారాల కుక్కపిల్లను ఒక ఇంట్లో పెట్టి, ఏడాది పైచిలుకు అక్కడే పెరగనిచ్చి, ఆ తర్వాత శిక్షణ కేంద్రానికి తెచ్చుకుంటాం. ఆ ఏడాదీ జీతం లేకుండా పెంచి ఇచ్చేవాళ్లను రైజర్లంటాం. నెలకోసారి ప్రతి రైజర్ ఇంటికీ వెళ్లి పిల్ల బరువు, నడక, బస్సులో కూర్చునే తీరు, కొత్త మనుషుల దగ్గర ప్రవర్తన చూసి రాయడం నా పని.

అంతకు ముందు నేను గుంటూరు జిల్లాలో పశువైద్యురాలిని. ఇక్కడి రిజిస్ట్రేషన్ పరీక్ష రెండుసార్లు తప్పాను. మూడోసారి రాసే ఓపిక లేక, కెన్నెళ్లు కడిగే పనిలో చేరి మెట్టు మెట్టుగా ఎక్కాను. మన తెలుగువాళ్లకు మాత్రం నేను డాక్టర్ ఆంటీని. నేనేదో పెద్దాసుపత్రిలో చేస్తున్నానని చాలామంది అనుకునేవారు. నేను అవుననలేదు, కాదనీ అనలేదు. మౌనం అర్ధాంగీకారమని తెలిసే మౌనంగా ఉన్నాను. చేసే పని మంచిదని తెలుసు, దాని మీద గౌరవమూ ఉంది. అయినా పట్టుచీరల మధ్య కూర్చుని "కుక్కపిల్లలను చూసుకుంటాను" అనడానికి నాకు నోరు వచ్చేది కాదు. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, తర్వాత జరిగినదంతా దీన్నుంచే వచ్చింది.

నా రైజర్లలో అందరికన్నా నమ్మకస్తురాలు జోన్. మనురేవాలో ఇరవై ఏళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి, ఒంటరిది. అప్పటికి మూడు పిల్లలను పెంచి ఇచ్చింది, మూడూ పాసయ్యాయి. నాలుగోది టిల్లీ, పసుపు రంగు లాబ్రడార్. పదకొండు నెలలకే రైల్లో సీటు కింద దూరి, దిగాల్సిన స్టేషన్ వచ్చేదాకా కదిలేది కాదు. పామర్‌స్టన్ నార్త్ అనే ఊళ్లో చదువుకుంటున్న ఒక అంధ విద్యార్థిని కుక్క కోసం ఎదురుచూస్తోంది. ఆ అమ్మాయిది వేగమైన నడక. దానికి టిల్లీ సరిపోతుందని ఇన్‌స్ట్రక్టర్ అప్పుడే నా చెవిన వేశాడు.

జోన్ పక్క ఫ్లాట్‌లో ఒకప్పుడు శ్రావణి అనే కర్నూలు అమ్మాయి ఉండేది. చదువుకోవడానికి వచ్చి ఇక్కడే ఉద్యోగంలో స్థిరపడింది. ఆమెకు డ్రైవింగ్ నేర్పింది జోనే. నేను ఆ ప్రాంతానికి రాకముందే శ్రావణి, ఆమె భర్త ప్రదీప్ అక్కణ్నుంచి మారిపోయారు. 2015 ఫిబ్రవరిలో వాళ్లు టకానినిలో కొత్త ఇల్లు కొని, ఒక ఆదివారం ఉదయం గృహప్రవేశం పెట్టుకున్నారు. నన్నూ పిలిచారు, జోన్‌నూ పిలిచారు. మా ఇద్దరికీ పరిచయం ఉందని వాళ్లకు తెలియదు.

హోమం పొగకు మోగకుండా స్మోక్ అలారాన్ని ఊడదీసి సోఫా మీద పెట్టారు. హాలంతా మనవాళ్లే. నేను ఆడవాళ్ల మధ్య ముందు వరసలో కూర్చున్నాను. అప్పుడు జోన్ గుమ్మంలో కనిపించింది, పక్కన శిక్షణ కుక్కలకు సంస్థ తొడిగే గుర్తు జాకెట్ వేసుకున్న టిల్లీతో. నన్ను చూసి చేయి ఊపింది. నా పక్కనున్నావిడ ఆమె మీకెలా తెలుసని అడిగింది. వినబడనట్టు హోమం వైపు తిరిగాను. అంతలో శ్రావణి పీటల మీద నుంచి లేచి నా దగ్గరికి వచ్చింది.

"ఆంటీ, ఆ కుక్కకు..." అని మొదలుపెట్టింది.

"నేను చూసుకుంటాలే అమ్మా, నువ్వెళ్లి కూర్చో" అని మధ్యలోనే ఆపేశాను.

జాకెట్ ఉన్న కుక్కను దుకాణాల్లోకి, రైళ్లలోకి రానివ్వాలని ఇక్కడ చట్టం ఉంది. సొంత ఇళ్లలో గృహస్థులదే చివరి మాట. ఎవరైనా అభ్యంతరం చెబితే వాళ్లకు నచ్చజెప్పడం సూపర్‌వైజర్ బాధ్యత. ఆ రోజు అభ్యంతరం ఎవరూ చెప్పలేదు. నేనే జోన్ దగ్గరికి వెళ్లి, పూజ జరిగే ఇంట్లోకి కుక్కను తేవడం మా ఆచారానికి విరుద్ధమని, ఇంటివాళ్లు ఇబ్బంది పడుతున్నారని మెల్లగా చెప్పాను. ఆమె ముఖం ఎర్రబడింది. ఇంటికి వెళ్లిపోతానంది. అక్కర్లేదు, నేను గ్యారేజీలో కట్టేస్తాను, నువ్వు కూర్చో అన్నాను. రైజర్ తన కుక్క మెడపట్టీకి తగిలించే తాడును, అంటే లీష్‌ను, సూపర్‌వైజర్‌కు తప్ప ఎవరి చేతికీ ఇవ్వకూడదు. అడిగింది సూపర్‌వైజరే కాబట్టి ఆమె మారుమాట లేకుండా ఇచ్చింది.

గ్యారేజీలో లడ్డూల పెట్టెలు నేల మీదే ఉన్నాయి, కుక్కను వదిలేస్తే మూతి పెడుతుంది. కట్టడానికి కొక్కెం గానీ స్తంభం గానీ లేదు. పైకి లేచే పెద్ద తలుపుకు లోపలివైపు, కింది అంచు దగ్గర ఒక పిడి ఉంది. లీష్‌ను దానికి కట్టి, చప్పున హాల్లోకి వచ్చి నా చోట నేను కూర్చున్నాను. నిన్నగాక మొన్న చేరిన కెన్నెల్ సహాయకులు కూడా కదిలే వస్తువుకు కుక్కను కట్టరు. అది మొదటి రోజు నేర్పే పాఠం. ఆ పాఠం చెప్పేది నేనే.

పూజ ముగిశాక భోజనాలు తేవడానికి వెళ్లిన ప్రదీప్ కారులో తిరిగొచ్చి రిమోట్ నొక్కాడు. తలుపు పైకి లేచింది. టిల్లీ అరుపు నేను హాల్లో విన్నాను. పరుగెత్తి వెళ్లేసరికి దాని ముందుకాళ్లు గాలిలో ఉన్నాయి, మెడపట్టీ దవడ కిందికి బిగిసి ఉంది. ప్రదీప్ మళ్లీ నొక్కి తలుపును ఆపాడు. నేను క్లిప్పు ఊడదీశాను. నాలుక రంగు, ఊపిరి చూశాను, మెడ ఎముకలు తడిమాను. ఏమీ విరగలేదు.

"సారీ ఆంటీ, లోపలుందని నాకు తెలీదు. దానికేం కాలేదు గదా?" అన్నాడు ప్రదీప్.

"కాస్త చూసి తెరవాల్సింది బాబూ" అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఇన్నేళ్లయినా అది నన్ను వదల్లేదు.

వెనకే వచ్చిన జోన్‌తో తలుపు చప్పుడుకు బెదిరిందని చెప్పాను. ఆమె టిల్లీని తీసుకుని భోజనం చేయకుండానే వెళ్లిపోయింది.

కుక్కకు ఏది జరిగినా మర్నాటిలోగా సంఘటన ఫారం నింపాలి. ఏం జరిగింది అన్న గడిలో "గ్యారేజీ తలుపు శబ్దానికి బెదిరింది" అని రాశాను. ఆ సమయంలో కుక్క ఎవరి బాధ్యతలో ఉంది అన్న గడిలో జోన్ పేరు రాశాను. పిడి సంగతి రాయలేదు. సంతకం చేశాను.

రెండు వారాల్లో ఫలితం కనిపించింది. మాల్‌లో అద్దాల తలుపులు జరుగుతుంటే టిల్లీ నేలకు అతుక్కుపోయింది. రైలు తలుపులు తెరుచుకోగానే వెనక్కి లాగింది. కేంద్రంలో కుక్కల భయాలు చూసే నిపుణుడు నా ఫారం చదివి, దాని ప్రకారమే వైద్యం మొదలుపెట్టాడు. తలుపుల చప్పుడును రికార్డు చేసి, తక్కువ శబ్దంతో వినిపిస్తూ, తిండి పెడుతూ, రోజురోజుకూ శబ్దం పెంచాలి. జోన్ రెండు నెలలు ఒక్క రోజు తప్పకుండా చేసింది. టిల్లీ ఆ చప్పుడును హాయిగా వింటూ తినేది. తలుపు దగ్గరికి తీసుకెళ్తే మాత్రం పడుకుండిపోయేది. దాని భయం చప్పుడంటే కాదు, కదిలి మెడ లాగేదంటే. అది నాకొక్కదానికే తెలుసు. ఆ రెండు నెలలూ ప్రతి వారం ఆ ఇంటికి వెళ్లి, రోగం ఒకటి మందు ఒకటి అని తెలిసీ "పురోగతి లేదు" అని రాసి వచ్చేదాన్ని.

ఆఖరి పరీక్షలో టిల్లీని తప్పించారు. సమావేశంలో మేనేజర్ నా ఫారం చదివి, కుక్కను గ్యారేజీలో ఒంటరిగా వదలడం రైజర్ తప్పిదమని, జోన్‌కు ఇకపై పిల్లను ఇవ్వవద్దని అన్నారు. ఆ బల్ల దగ్గర నేనూ ఉన్నాను. జోన్‌కు ఆ కబురు చెప్పడం కూడా నా పనే. తప్పించిన కుక్కను ముందు రైజర్‌కే ఇస్తామంటాం కాబట్టి టిల్లీ జోన్ దగ్గరే ఉండిపోయింది. జోన్ నాతో వాదించలేదు, లీష్ అడిగి తీసుకున్నది నేనేనని గుర్తు చేయలేదు. మీ ఆచారం ముందే అడిగి తెలుసుకోవాల్సింది, తప్పు నాదే అంది. నాకు టీ ఇచ్చింది. నేను తాగాను.

ఆ శీతాకాలంలో మనురేవాలో సరుకుల కొట్టు దగ్గర శ్రావణి ఎదురైంది.

"జోన్ మా ఇంటికి వచ్చేదే మానేసింది ఆంటీ. పిలిస్తే ఏదో ఒకటి చెప్తుంది. సారీ అని కార్డు కూడా పంపింది, ఎందుకో అర్థం కాలేదు. మేమేమన్నా తప్పు చేసినామా?"

ఆ రోజు నా దగ్గరికి ఏం అడగడానికి వచ్చావని అడిగాను.

"కుక్కకు నీళ్లు యాడ పెట్టాల్నో అడగనీకి వస్తి. హోమం చేసే అయ్యవారిని ముందే అడిగింటిమి. కుక్క భైరవుని వాహనం, హాల్లో ఉంటే ఏమైతాది అన్నాడు. జోన్ కుర్చీ పక్కన దానికి చాప కూడా వేసింటి."

కొట్టులోకి వెళ్లకుండా కారులో కూర్చున్నాను. ఆ వారమే మేనేజర్‌కు రెండో ఫారం రాసిచ్చాను, పిడితో సహా, నా పేరుతో. నాకు లిఖితపూర్వక హెచ్చరిక వచ్చింది, అది తక్కువే. నిపుణుడు రెండో ఫారం చదివి, ఇది మొదటి రోజే తెలిస్తే వేరే దారిలో వెళ్లేవాణ్ని అన్నాడు. కుదిరేదో లేదో చెప్పలేను గానీ ప్రయత్నం సరైనదై ఉండేదన్నాడు. అప్పటికి పామర్‌స్టన్ నార్త్ అమ్మాయి ఇంకా వేచి ఉన్నవాళ్ల జాబితాలోనే ఉంది.

తర్వాత జోన్ ఇంటికి వెళ్లి అంతా చెప్పాను. టిల్లీ ఆమె కాళ్ల దగ్గర పడుకుని ఉంది. జోన్ చివరిదాకా విని, అయితే ఆ రోజు అక్కడ ఎవరికీ ఇబ్బంది లేదా అని అడిగింది. నాకు తప్ప ఎవరికీ లేదన్నాను. ఈసారి టీ ఇవ్వలేదు. ఆ సాయంత్రమే శ్రావణికి ఫోన్ చేసిందని తర్వాత తెలిసింది. సంస్థ క్షమాపణ చెప్పి కొత్త పిల్లను ఇస్తామంది. జోన్ ఒకే వాక్యం రాసి పంపింది: పిల్లను తీసుకుంటాను, సూపర్‌వైజర్‌ను మార్చండి. మార్చారు.

2019లో రిటైరయ్యేదాకా, కొత్త సూపర్‌వైజర్లకు ఫారం నింపడం నేర్పేటప్పుడు నా రెండు ఫారాలనూ పక్కపక్కన పెట్టేదాన్ని, పేరు దాచకుండా. కుక్క ఎవరి బాధ్యతలో ఉంది అన్న గడి శిక్ష వేయడానికి పెట్టింది కాదు, వైద్యం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడానికి పెట్టింది. అక్కడ అబద్ధం రాస్తే ముందు నష్టపోయేది కుక్క, ఆ తర్వాత దాన్ని నమ్మి పెంచిన మనిషి.

ఇప్పుడు ఎవరైనా డాక్టర్ ఆంటీ అంటే, కుక్కపిల్లలను చూసుకునే పని చేశానని చెబుతాను. ఆ ఆదివారం నా పక్కనున్నావిడ అడిగినప్పుడే ఆ మాట అని ఉంటే, టిల్లీ హాల్లో శ్రావణి వేసిన చాప మీద పడుకుని ఉండేది.