రీలులో మొదటి బొమ్మ స్వామిది

స్తంభాన్ని చీల్చుకుని వచ్చిన నరసింహస్వామికి ముందుగా దండం. పసివాడి మాట నిలబెట్టడానికి గోళ్లకు నెత్తురు పూసుకున్న తండ్రికి దండం. చీకట్లో ఉన్నదాన్ని చీకట్లోనే కాపాడి, వేళకు వెలుగులోకి తెచ్చేది ఆయనే. ఆయనను తలవకుండా ఈ సంగతి చెప్పడానికి నాకు నోరు రాదు.

తొంభైలలో బొంబాయి ఫాక్‌లాండ్ రోడ్డు మీద నాకొక చిన్న ఫోటో స్టూడియో ఉండేది. కామాటిపుర చాళ్లలో, ఆ ఇరుకు వరుస ఇళ్లలో ఉండే మన తెలుగువాళ్లే గిరాకీ. పగలు దుకాణం, సాయంత్రం మనవాళ్ల నరసింహస్వామి మండలిలో భజన. కెమెరాలో కొత్త రీలు ఎక్కించినప్పుడు మొదటి బొమ్మ గోడ మీది స్వామి పటానిదే. అది మా నాన్న పెట్టిన ఆచారం. ఆ బొమ్మను కడిగి ఆ పటం కిందే పెట్టేవాళ్లం.

ఆ ఏడు రీళ్లు దొరకడం మానేశాయి. నలుపు తెలుపు రీళ్లు చేసే పెద్ద కంపెనీ నష్టాల్లో కూరుకుపోయిందని, ఫ్యాక్టరీ ఎప్పుడు మూతపడుతుందో తెలియదని హోల్‌సేల్ శేఠ్ చెప్పాడు. "ముందు ముందు రీలనేదే ఉండదు, చాయ్ దుకాణం పెట్టుకో" అని నవ్వి, ఒకే ఒక్క రీలు చేతిలో పెట్టాడు. దాన్ని కూడా మా మండలి పెద్దలు స్వామి జయంతి ఊరేగింపు కోసం ముందే అడిగిపెట్టుకున్నారు. పల్లకీ, భజన బృందం, అన్నదానం, ఒక్కొక్క పెద్దమనిషి కుటుంబం: ప్రతి బొమ్మా ఎవరిదో తేలిపోయింది. మిగిలింది స్వామి బొమ్మ ఒక్కటే.

మేముండే ఒంటిగది ఖోలీ పైన పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీ ఒకడు ఉండేవాడు. భార్యను కొట్టడంలో వాడికొక లెక్క ఉంది. మా కులపంచాయితీ నెలలో మొదటి ఆదివారం గుడి ముందు కూర్చునేది. వాడు మర్నాడు, సోమవారం కొట్టేవాడు. మళ్లీ పంచాయితీ కూర్చునేసరికి దెబ్బలు మానిపోయేవి. "ఏవమ్మా దెబ్బలు?" అని పెద్దలు అడిగితే ఆమె నేల చూసేది, వాడు చేతులు కట్టుకుని నవ్వేవాడు. ఆమె కోరింది ఒక్కటే. వాడి నుంచి ఇడుపు, అంటే విడాకులు ఇప్పించి, కూతుర్ని తనతో పంపమని. పెద్దల మాట లేకుండా ఒకసారి పిల్లను తీసుకుని ధారావిలోని అన్న దగ్గరికి పోతే, వాడు జుట్టు పట్టి వీధి వెంట ఈడ్చుకొచ్చాడు.

జయంతికి ముందు వచ్చిన సోమవారం పొద్దున మా పైకప్పు పలకల మీద ఆమె తల తగిలిన చప్పుడు విన్నాను. మళ్లీ తగిలింది. పైకి పరుగెత్తితే తలుపు గడియ పెట్టి ఉంది. వాడు పనికి పోయాక ఆమె గోడ పట్టుకుని దుకాణానికి వచ్చింది. రైక వీపుకు అంటుకుపోయింది. నా భార్య నీళ్లు చల్లి మెల్లగా ఊడదీసింది. ఇనుప సలాక పడిన చోటల్లా చర్మం చిట్లి నోరు తెరుచుకుంది.

"ఫోటో తియ్యి అన్నా. పంచాయితీల సూపిస్త."

"వీపొక్కటే తియ్యి, మొఖం రానీయకు. పరువు పోతది" అంది నా భార్య.

"మొఖం రావాలె వదినా. లేకుంటె ఎవలి వీపో అంటడు. వాని తెలివి నాకు తెల్వదా?"

"చెల్లె, రీలంత మండలోళ్లదే. స్వామి జాగ ఒక్కటే ఉన్నది" అన్నాను.

నా భార్య చెంపలు వేసుకుంది. "దేవుని జాగ ఇస్తవానయ్యా?"

"ఆయన కొట్లాటకు దిగిన దేవుడు గదనే. ఏమనుకోడు."

ఆమె స్వామి పటం పక్కన గోడకు తిరిగి నిలబడి, భుజం మీదుగా నా వైపు చూసింది. స్టూడియోకి వచ్చినవాళ్లందరూ అడిగినట్టే అడిగింది: "నవ్వాల్నా అన్నా?"

నేను బటన్ నొక్కాను.

వెంటనే కడగడానికి లేదు. ఇప్పుడే కడిగితే వాడని ఫిల్మంతా పాడవుతుంది, మళ్లీ దొరకదు. రీలు పూర్తి కావాలి. జయంతి వచ్చింది, పల్లకీ కదిలింది. ఆమె బొమ్మ మీద ఊరేగింపు బొమ్మలన్నీ చుట్టలుగా చుట్టుకున్నాయి. అన్నదానానికి రెండు మూడు బొమ్మలు మిగిలి ఉండగానే చాల్‌లో మాట పొక్కి వాడి చెవిన పడింది.

మధ్యాహ్నం సలాకతో వచ్చాడు. "ఏయ్ ఫోటోవాలా! నా పెండ్లాం రైక ఇప్పిచ్చినవంట?" మొదటి దెబ్బకు అద్దాల బీరువా పగిలింది. రెండోది నా దవడ మీద పడింది. నోట్లో పళ్లు గులకరాళ్లలా కదిలాయి. వాడు కెమెరా అందుకుని, "దీనికి ఎండ సూపిస్త" అంటూ వెనక మూత తెరిచి వీధి వైపు పట్టాడు. నేను వాడి కాళ్లు పట్టి లాగాను. కెమెరా కిందపడింది. దాని మీద బోర్లా పడ్డాను. పక్కటెముకలు విరుగుతుంటే లోపల వినబడింది. అయినా లేవలేదు, చేత్తో తడిమి మూత నొక్కాను. పక్క దుకాణాలవాళ్లు వచ్చి వాడిని ఈడ్చేదాకా తన్నుతూనే ఉన్నాడు.

రీలు కడిగితే పల్లకీ లేదు, పెద్దలు లేరు, అంతా నలుపు. కాని ఎండ పై చుట్టలనే తిన్నది. అన్నిటికన్నా లోపల ఉన్న మొదటి బొమ్మ దాకా పోలేదు. అచ్చు వేశాను. స్వామి పటం ఉన్న అంచు మాత్రం తెల్లగా కాలిపోయింది. ఆమె వీపు, ఆమె కళ్లు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి.

పంచాయితీలో ఫోటో చేతులు మారింది. మండలికి పెద్దయిన ముసలాయనే పంచాయితీకీ పెద్ద. "మా ఉత్సవమంత పాయె, ఈ పిల్లదొక్కటే మిగిలిందా?" అన్నాడు.

"స్వామి జాగల తీసిన పెద్దయ్యా."

ఆయన ఫోటోను వెలుగుకు పట్టి, వీపు మీది సలాక చారలను వేలితో లెక్కపెట్టాడు.

"మెట్ల మీదికెల్లి పడ్డది పెద్దయ్యా" అన్నాడు మేస్త్రీ.

"మెట్లకు సలాకుంటదారా?"

వాడు ఫోటో గుంజుకోబోయాడు. పెద్దయ్య చేతికర్ర వాడి మణికట్టు మీద పడింది. వాడు అరుస్తుండగానే ఆయన అన్నాడు: "ఇడుపు. పిల్ల తల్లితోటి పోతది. అడ్డమొస్తే రెండో చెయ్యి."

గుడి ముందు ఒకరి చెయ్యి విరిగితే నా మనసు సంతోషించింది. అది తప్పో ఒప్పో స్వామికే విడిచిపెట్టాను. శేఠ్ చెప్పినట్టే రీళ్లు పోయాయి, స్టూడియో మూతపడింది. ఆ బొమ్మ మాత్రం పటం కింద, తన చోట ఉంది. దీపం పెట్టినప్పుడల్లా ఆమెనూ చూస్తాను.

చదివినవాళ్లారా, ఒక్కసారి నాతో చేతులు జోడించండి. స్వామీ, గడియ పెట్టిన ప్రతి తలుపు వెనకా ఒక స్తంభం ఉంది. అందులోంచి రా.